జొన్నల నడుమ కంది సాళ్ళు

గద్వాలలో మగ్గాలున్న ఆ వీధిలో సత్యమ్మ పేరు చెబితే ఎవరూ చీరల మాట ఎత్తరు. "ఊలు సంచుల సత్యమ్మనా?" అంటారు. చీరలు ఆమె భర్త ఈశ్వరయ్యవి. ఆయన మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చున్నాడంటే పొద్దు వాలేదాకా లేవడు. ఆయనకు పోగును కండెలకు చుట్టి అందించడం, తెగిన పోగు అతకడం సత్యమ్మ పని. ఆ పనుల సందులోనే ఆమె చేతికి ఊలు అంటుకుంది.

నేర్పినవాళ్ళు లేరు. కొడుకు రాఘవేంద్ర బడికి పోయే రోజుల్లో వాడి స్వెట్టరు మోచేతి దగ్గర చిరిగింది. బాగుచేద్దామని పోగు పట్టి లాగితే అది జరజరా ఊడి రావడం మొదలుపెట్టింది. ఇంకొకరైతే కంగారుపడి అక్కడే ముడి వేసేవారు. సత్యమ్మ లాగుతూనే పోయింది. ఏ కన్ను దేనిలోంచి వస్తున్నదో, ఏది దేన్ని పట్టుకుని నిలబడిందో చూసుకుంటూ స్వెట్టరు చెయ్యి మొత్తం విప్పేసింది. తరువాత పాత సైకిలు పుల్లలు రెండు తెచ్చి, కొసలు బండ మీద అరగదీసి, విప్పినదాన్ని మళ్ళీ అల్లడానికి కూర్చుంది. స్వెట్టరుకు ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి అయింది. అది తొడుక్కుని బడికి పోనని వాడు ఏడ్చాడు. ఆమెకు మాత్రం పని పట్టుబడింది.

తరువాత్తరువాత స్వెట్టర్లు మాని చిన్న సంచులకు దిగింది. ఫోనూ, తాళంచెవీ, బస్సు చిల్లరా పట్టేంత సంచులు. పుల్లలు సన్నవి గనుక అల్లిక బిగువుగా వచ్చేది. ఎంత వాడినా సాగేది కాదు. తన అల్లికకు ఆమే ఒక పేరు పెట్టుకుంది, జొన్నగింజ అని. సీదా కన్ను ఒకటి, ఉల్టా కన్ను ఒకటి, పై వరుసకు వచ్చేసరికి సీదా మీద ఉల్టా, ఉల్టా మీద సీదా. అట్లా మార్చుకుంటూ పోతే బట్టంతా గింజలు గింజలుగా లేస్తుంది. కళ్ళు మూసుకుని తడిమితే పాలు పట్టిన జొన్నకంకిని తడిమినట్టే ఉంటుంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బట్టలో తప్పు పడితే చూసినవాళ్ళే సరిచేయాలి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని అడగకూడదు. ఈశ్వరయ్య చాయ్ తాగడానికి లేచినప్పుడు అంచు పువ్వులో ఒక పోగు తప్పినట్టు కనబడితే, సత్యమ్మ గుంతలోకి దిగి అడ్డపోగు పేక వెనక్కి తీసి, సరిగ్గా నేసి, మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేది. ఆయన వచ్చి చూసి, ఏమీ అనకుండా పోగు విసిరే నాడె అందుకునేవాడు. ఏమీ అనకపోవడమే అక్కడ మెచ్చుకోలు. అడిగితే చేసినవాళ్ళకు నామోషీ, చెబితే ఎత్తిపొడుపు. మొగుడూ పెళ్ళామూ ఇన్నేళ్ళ కాపురం అట్లానే నెట్టుకొచ్చారు.

రాఘవేంద్ర మగ్గం ఎక్కలేదు. వనపర్తిలో డిగ్రీ చదివి, గద్వాలకు తిరిగొచ్చి ట్రాక్టర్లు అమ్మే దుకాణంలో కుదిరాడు. కుదిరిన కొన్నాళ్ళకే, తనతో చదువుకున్న ఉమారాణిని చేసుకుంటానన్నాడు. ఆ పిల్లది ఉప్పునుంతల. సేద్యం చేసుకునే ఇల్లు. కులం వేరని రెండు ఇళ్ళలోనూ కొన్నాళ్ళు గొణుక్కున్నారు, తరువాత పెళ్ళి చేశారు.

ఉమారాణి వచ్చిన కొత్తలో తానూ ఏదో ఒక పని అందుకుందామని రాట్నం దగ్గర కూర్చుంది. కండె చుట్టబోతే పట్టుపోగు ఎలుక కొట్టినట్టు చిక్కుపడింది. ఈశ్వరయ్య మగ్గం మీద నుంచే నవ్వాడు.

"బిడ్డా, అది పోగు. ఎద్దు పగ్గం గాదు. జర మెల్లగ."

"పగ్గమే నయం మామా," అంది ఉమారాణి. "గుంజితే ఎద్దు అటో ఇటో పోతది. మీ పోగు యాడికీ పోతలేదు, నన్నే చుట్టుకుంటున్నది."

అందరూ నవ్వారు. కానీ ఆ రోజు తరువాత ఆమె రాట్నం జోలికి రాలేదు. వంట అయ్యాక గదిలో కూర్చునేది, లేదా గుమ్మంలో నిలబడి మగ్గం చప్పుడు వినేది. ఎవరి పనిలో వాళ్ళున్న ఇంట్లో పని లేని మనిషి చుట్టం కిందే లెక్క. సత్యమ్మకు అదే బెంగ. పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవాలని ఉండేది. ఏమని పిలవాలో తెలిసేది కాదు.

ఒక మధ్యాహ్నం ఆ పిల్లే వచ్చింది.

"అత్తమ్మా, గిది నాకు నేర్పుతరా?"

సత్యమ్మ చేతిలోని పుల్లలు ఆగాయి. "నాకేం వస్తదని నేర్పుత? ఫోన్ల చూసి నేర్చుకుంటున్నరంట గద అందరు."

"చూసిన. ఆమె చేతులు రైలు లెక్క ఉరుకుతున్నయ్. నేను ఎక్కేలోపట్నే టేషన్ దాటిపాయె."

సత్యమ్మకు నవ్వొచ్చింది. పక్కకు జరిగి చోటిచ్చింది. నోటితో చెప్పి నేర్పడం ఆమెకు రాదు. ఉమారాణి చేతుల మీద తన చేతులు వేసి, పుల్లను అటూ ఇటూ తిప్పించేది.

"గిట్ల గుంజకుండ్రి అత్తమ్మా. కొత్త దూడకు కాడి మోపినట్టున్నది. నోటితోని చెప్పుండ్రి."

"చెప్పనీకి ఏమున్నది? సీదా. ఉల్టా. సీదా. ఉల్టా. అంతే."

"అంతేనా! మరి నాకెందుకు వల లెక్క వస్తున్నది?"

పది రోజులకు వల పోయి బట్ట అయింది. ఉమారాణి బజారుకు పోయి పచ్చజొన్న రంగు ఊలు ఏరి తెచ్చుకుంది. తన తల్లి ఈదమ్మకు సంచి అల్లి ఇస్తానంది. "మా అమ్మ ఫోను కొంగుల కట్టుకుంటది. మొన్న బర్రె కుడితిల పడ్డదంట. తీసి తుడుస్తే మోగుతున్నది గానీ, మాట్లాడితే బుడబుడ అంటున్నది." అన్న శ్రవణ్ కుమార్‌కు కొడుకు పుట్టాడు. తొట్టెల పండుగకు ఉప్పునుంతల పోవాలి. అప్పుడు అందరి ముందు తల్లి భుజానికి తగిలించాలని ఆమె కోరిక.

ఆ మధ్యాహ్నాలు సత్యమ్మకు పండుగలే. గడపకు అటొకరు ఇటొకరు కూర్చుని అల్లుకునేవారు. మాటలు తక్కువ. పుల్లల చప్పుడు ఒకటే. ఈశ్వరయ్య నీళ్ళ కోసం లేచినప్పుడల్లా ఒక మాట విసిరేవాడు.

"అత్తాకోడండ్లు జొన్నచేను కావలికి కూసున్నరు. పిట్టలొస్తే చెప్పుండ్రి, ఒడిసెల తెస్త."

"నువ్వే పెద్ద పిట్టవు. పో, మగ్గం ఎక్కు," అనేది సత్యమ్మ.

చెయ్యి తిరిగాక ఉమారాణి సంచిని గదిలోకి తీసుకుపోయింది. "ఇగ నాకొచ్చింది అత్తమ్మా. మీరు మీ పని చూసుకోండ్రి," అంది నవ్వుతూ. సత్యమ్మ సరేనంది.

తొట్టెల ఇంకో నాలుగు రోజులుందనగా రాఘవేంద్రా ఉమారాణీ నాగర్‌కర్నూలులో స్నేహితుడి పెళ్ళికి పోయారు. సత్యమ్మ వాళ్ళ గది ఊడ్చడానికి పోతే, మంచం మీద సంచి పుల్లలతో సహా ఉంది. దాదాపు ముక్కాలు వంతు అయింది. ఎత్తి వెలుగుకు పెట్టి చూసింది.

కింద నాలుగు వేళ్ళ మందం గింజ నిండుగా ఉంది. తన చేతి పనే అన్నంత బాగుంది. ఆ పైన అడ్డంగా ఒక గట్టు లేచింది. ఉల్టా మరిచిపోయి వరుసంతా సీదానే పోతే అట్లా లేస్తుంది, కొత్తవాళ్ళందరూ చేసే తప్పే. కాస్త పైన ఇంకొకటి. దాని మీద మరొకటి, ఈసారి మరీ దగ్గరగా. ఆ తరువాతిది ఎంతో దూరంలో. ఒక కొలతా లేదు, ఒక తీరూ లేదు.

సత్యమ్మ మంచం అంచున కూర్చుంది. పాపం, పరధ్యానంలో పడి తప్పులు చేసింది, చూసుకోలేదు. తొట్టెలకు వచ్చే ఆడవాళ్ళు ఊరుకుంటారా? సంచిని తిప్పి తిప్పి చూస్తారు. గద్వాల నేతింటి కోడలు, వరుస తప్పకుండా అల్లడం రాలేదు అంటారు. పిల్ల తలెత్తుకోగలదా? ఆ మాటలో తన పేరు కూడా ఉంటుందన్న సంగతీ సత్యమ్మకు తట్టకపోలేదు.

పుల్ల లాగేసింది. మొదటి గట్టు బాగా కిందనే ఉంది గనుక దాదాపు అంతా విప్పాల్సి వచ్చింది. ఊలు వంకరలు తిరిగి ఒడిలో కుప్పపడింది. ఉండ చుట్టి మళ్ళీ ఎత్తుకుంది.

ఈశ్వరయ్య చూశాడు. "కోడలిది గద అది?"

"తప్పులు పడ్డయ్. సరిచేస్తున్న."

"ఊఁ," అని ఆయన మగ్గం వైపు తిరిగాడు. ఆ ఇంట్లో దానికి మించి అడగాల్సింది లేదు.

ఆ పూటా, మర్నాడు పొద్దుటి పూటా వేరే పని ముట్టలేదు. ఒక్క గింజ కూడా పక్కకు ఒరగకుండా అల్లింది. పక్కలు కుట్టింది. భుజానికి తగిలించుకునే తాడు మూడు పేటలు జడ అల్లి బిగించింది. లోపల ఊలు ఫోనుకు అంటకుండా, మిగిలిన పట్టు అంచు ముక్క వేసి అస్తరు పెట్టింది. ఇంత బాగా తాను ఎప్పుడూ అల్లలేదని ఆమెకే అనిపించింది. తీసుకుపోయి మంచం మీద అదే చోట పెట్టింది.

సాయంత్రం ఉమారాణి వచ్చింది. గదిలోకి పోయి చాలాసేపు రాలేదు. సత్యమ్మ చాయ్ గ్లాసు పట్టుకుని పోయేసరికి సంచి చేతిలో పెట్టుకుని నిలబడి ఉంది. బొటనవేలితో గింజల మీద కింది నుంచి పైకి రాస్తున్నది. మళ్ళీ కింది నుంచి పైకి.

"మంచిగున్నది అత్తమ్మా," అంది. సంచిని మడిచి బట్టల మధ్య పెట్టింది. ఇంకేమీ అనలేదు.

సత్యమ్మకు కడుపు నిండింది. ఇంటి తీరు పిల్లకు వంటబట్టిందనుకుంది.

మగ్గం మీద చీర ఉందని ఈశ్వరయ్య ఆగిపోయాడు, మిగతా ముగ్గురూ పోయారు. ఉప్పునుంతలలో తొట్టెల బాగా జరిగింది. శ్రవణ్ కుమార్ కొడుకును తొట్టెలో వేశారు, ఆడవాళ్ళు పాటలు పాడారు, భోజనాలయ్యాయి. ఈదమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి చాప మీద కూర్చున్నాక ఉమారాణి సంచి తీసి తల్లి ఒడిలో పెట్టింది.

"అబ్బ!" అంది ఈదమ్మ. "పచ్చజొన్న కంకే! నువ్వే అల్లినవా బిడ్డా?"

"మా అత్తమ్మ అల్లింది."

"లేదు లేదు వదినె," అంది సత్యమ్మ గబగబా. "మీ బిడ్డదే. నేను ఊకె కుట్టిచ్చిన."

ఈదమ్మ సంచిని తిప్పి చూసింది. లోపలికి చెయ్యి పెట్టి పట్టు ముక్కను తడిమింది. మళ్ళీ బయటి వైపు తిప్పింది. ఏదో వెతుకుతున్నట్టుంది.

"సాళ్ళేవే?"

"ఏం సాళ్ళమ్మా," అంది ఉమారాణి.

"ఫోన్ల చెప్తివి గదనే! జొన్నల నడుమ కంది సాళ్ళు ఏస్తున్నా, మన చేను లెక్క చేస్తున్నా అని. మీ నాయినకు గూడ చెప్పిన." అంటూ గుమ్మం వైపు కేక వేసింది. "ఇగో, ఇటు రా. నీ బిడ్డ జొన్న ఒక్కటే ఏసింది, కంది మరిచింది."

ఉమారాణి తండ్రి బక్కయ్య పిల్లవాడిని ఎత్తుకుని వచ్చి చూశాడు. "ఇప్పుడు జొన్నేది, కందేది? ఊరంతా పత్తే అయ్యె. అది యాదుంచుకున్నదే చాలు," అన్నాడు.

"కుదరలేదమ్మా," అంది ఉమారాణి. "చేద్దామనుకున్న. కుదరలేదు."

సత్యమ్మ వైపు ఆమె చూడలేదు. చూసి ఉంటే నయంగా ఉండేది. చాప మీద కూర్చున్న సత్యమ్మకు ఒక్కసారిగా ఆ గట్లన్నీ కళ్ళ ముందు లేచాయి. దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి. తాను ఇంత వరకూ చేనులో నిలబడి సాళ్ళు చూసిన మనిషి కాదు. అడ్డంగా లేచిందంతా ఆమెకు నేతలో తప్పే. తన వేళ్ళ కింద జరజరా ఊడి వచ్చింది ఆ పిల్ల పుట్టింటి చేను.

చుట్టూ చేరిన ఆడవాళ్ళు సంచిని చేతులు మార్చుకుంటూ మెచ్చుకున్నారు. "వియ్యపురాలి చేతి పని జూడు, ఒక్క గింజ తప్పలే," అన్నారు. ఈదమ్మ దాన్ని భుజానికి తగిలించుకుని, అడిగినవాళ్ళందరికీ "మా గద్వాల వదినె అల్లింది" అని చెప్పింది. సత్యమ్మ ఇంకోసారి కాదనబోయింది.

"చేతి పని దాస్తే దాగుతదా వదినె?" అని ఈదమ్మ నవ్వేసింది.

తిరుగు దారిలో నాగర్‌కర్నూలు బస్టాండులో బస్సు మారాలి. రాఘవేంద్ర బస్సు సంగతి కనుక్కోవడానికి పోయాడు. అత్తా కోడలూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. సత్యమ్మ నోట్లో మాట తిరిగి తిరిగి చివరికి బయటపడింది.

"నాకు తెల్వకపాయె బిడ్డా."

"ఏంది అత్తమ్మా?"

"గా సాళ్ళు. తప్పులనుకున్న."

ఉమారాణి చేతిలోని నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చుంది. "నేను వచ్చేదాక ఆగి ఒక్క మాట అడుగుతే చెప్తుంటి గద అత్తమ్మా."

"అడుగుతే నీకు చిన్నతనమైతదనుకున్న."

ఉమారాణి తల తిప్పి ఆమె ముఖం చూసింది. కోపం లేదు ఆ చూపులో. నిజంగానే అర్థం కాలేదు ఆమెకు. "అడుగుతే చిన్నతనమెట్లయితది?"

 సత్యమ్మ ఇంట్లో అది ఎవరూ చెప్పుకోవాల్సిన అవసరం లేని సంగతి. చెప్పడం మొదలుపెడితే ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? మగ్గం దగ్గర నుంచా, ఈశ్వరయ్య దగ్గర నుంచా? ఈలోగా వనపర్తి మీదుగా గద్వాల పోయే బస్సొచ్చింది. సీట్ల కోసం జనం ఎగబడ్డారు. ఉమారాణి ముందు ఎక్కి అత్తకు కిటికీ పక్క చోటు పట్టింది, తాను రెండు వరుసల వెనక కూర్చుంది.

తరువాత ఇంట్లో ఏ గొడవా లేదు. అదే సత్యమ్మకు కష్టంగా ఉండేది. ఉమారాణి పొద్దున్నే లేచి వంటలో చెయ్యి వేసేది, మామతో పరాచికాలాడేది, పిలిస్తే పలికేది. మధ్యాహ్నాలు గడప దగ్గరికి మాత్రం రాలేదు. సత్యమ్మ బజారుకు పోయి వెతికి వెతికి అదే పచ్చజొన్న రంగు ఊలు తెచ్చింది. కొత్త పుల్లలు రెండు అరగదీసి, ఊలుతో సహా ఉమారాణి అల్మారాలో పెట్టింది. ఆదివారం నాటికి అవి తన గంపలోకి తిరిగొచ్చాయి, ఉండ విడకుండా చక్కగా పుల్లలకు గుచ్చి.

"ఉంచుకోరాదు బిడ్డా."

"నాకు చేత గాదు అత్తమ్మా. మీ చేతి పని చూసినంక నా పని నాకే నచ్చదు," అంది ఉమారాణి. ఎత్తిపొడుపు లేదు. ఉంటే సత్యమ్మ ఓర్చుకునేది.

వేసవి దాటి బడులు తెరిచేసరికి ఉమారాణి గద్వాలలోనే ఒక ప్రైవేటు బడిలో టీచరుగా చేరింది. ఆమె చేతికి పని దొరికింది. అది గడప అవతలి పని.

ఒక రోజు సత్యమ్మ ఈశ్వరయ్యతో సంగతంతా చెప్పింది. ఆయన నాడె ఆపి విన్నాడు. "మగ్గం మీద అయితే నువ్వు చేసింది రైటే," అన్నాడు. కాసేపటికి, "అది మగ్గం గాకపాయె," అని మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు.

చివరికి ఆమె ఈదమ్మకు ఫోను చేసింది. సంచి బాగుందా, బరువాపుతున్నదా అని నాలుగు మాటలయ్యాక అసలు సంగతి అడిగింది.

"వదినె, మీ చేన్ల ఎన్ని జొన్నసాళ్ళకు ఒక కందిసాలు పడుతుండె?"

"ఎందుకే వదినె? గద్వాలల చేను కొన్నరా ఏంది?"

"ఊకెనే. తెల్సుకుందామని."

ఈదమ్మ నవ్వింది. "అందరిండ్లల్ల లెక్కుంటది గానీ మా ఇంట్ల లేదు. ఆయన గొర్రు తోలుతుంటే కంది గింజలు ఇడిసేది ఈ పిల్లనే. అప్పుడు ఇంత చిన్నదుండె. 'నాయినా, ఈడ కంది' అని యాడ బుద్ధయితే ఆడ ఇడుస్తుండె. ఒకకాడ దగ్గర, ఒకకాడ దూరం. ఊరోళ్ళు నవ్వితే ఆయన, పోనీరా, దాని ఇష్టం, పండినకాడ పండుతది అనేటోడు. ఆ సాళ్ళు దానికి తప్ప ఎవరికీ తెల్వయ్ వదినె."

ఆ సాయంత్రం సత్యమ్మ గడప దగ్గర కూర్చుని పచ్చజొన్న ఊలు ఎత్తుకుంది. నాలుగు వేళ్ళ మందం గింజ అల్లింది. ఉమారాణి బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నది.

"ఈడ కంది ఇడవాల్నా బిడ్డా?" అని అడిగింది సత్యమ్మ, అల్లికను పైకెత్తి.

ఉమారాణి ఆగింది. అల్లిక వైపు, అత్త ముఖం వైపు చూసింది. ఒక క్షణం ఆమె చెయ్యి ముందుకు వచ్చినట్టే ఉంది. భుజం మీద బడి సంచి జారితే సర్దుకుంది.

"మీ ఇష్టం అత్తమ్మా," అని మెత్తగా చెప్పి, లోపలికి పోయింది.

సత్యమ్మ ఉల్టా వదిలేసి ఒక వరుస సీదానే పోయింది, తిప్పి ఇంకో వరుస సీదానే వచ్చింది. గట్టు లేచింది. దూరంగా పెట్టి చూసింది, వెలుగుకు తిప్పి చూసింది. ఎంత చూసినా అది కందిసాలు కాలేదు. వరుస తప్పినట్టే ఉంది. లోపల ఉమారాణి పిల్లల పరీక్ష కాగితాలు ఒకటొకటే తిప్పుతున్న చప్పుడు వినబడుతున్నది.